తిరిగొస్తానన్న మాట తప్పితే: హైదరాబాద్ తూర్పు దిక్కు జైళ్లు, పెరోల్ చరిత్ర

శిక్ష అనుభవిస్తున్న ఖైదీని, ఫలానా తేదీకి తిరిగి రావాలన్న షరతు మీద కొద్దిరోజులు ఇంటికి పంపడం పెరోల్. తల్లి చావుబతుకుల్లో ఉందనో, బిడ్డ పెళ్లి కుదిరిందనో ఖైదీ తరఫున పెట్టుకున్న అర్జీ మీద ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఇది. దీనివల్ల శిక్ష రద్దు కాదు, కొన్నాళ్లు ఆగుతుందంతే. గడువు దాటినా, షరతు తప్పినా ఏం జరుగుతుందన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. ఒక కాలంలో మాట తప్పినవాడి ప్రాణమే పోయేది. ఇంకో కాలంలో మళ్లీ సంకెళ్లు పడేవి. ఇప్పుడు పోయేవి శిక్షాకాలంలోని రోజులు, సత్ప్రవర్తనతో సంపాదించుకున్న తగ్గింపు, మళ్లీ ఇల్లు చూసే అవకాశం. వాటితోపాటు జామీను నిలబడ్డవాళ్ల డబ్బు, పరువు కూడా పోతాయి. ఈ చివరిది చట్టం పుస్తకాల్లో ఒక వాక్యం మించి కనబడదు గానీ, హైదరాబాద్ శివారులోని బడంగ్‌పేట్ లాంటి చోట్ల పెరోల్ భారం ఎక్కువగా పడేది ఆ జామీనుదారుల మీదనే.

ఖైదీని మాట మీద వదిలే పద్ధతి మొదట యుద్ధరంగానిది. పట్టుబడ్డ సైనికాధికారి, మళ్లీ ఆయుధం పట్టనని ప్రమాణం చేస్తే స్వేచ్ఛగా తిరగనిచ్చేవారు. దక్షిణాదిలో ఇది పెద్ద వివాదంగా మారిన సందర్భం 1746 నాటిది. ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొనే మద్రాసును పట్టుకుని, సొమ్ము చెల్లిస్తే పట్నాన్ని తిరిగి ఇచ్చేస్తానని ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. కోటలోనివారు మాట ఇచ్చిన యుద్ధఖైదీలయ్యారు. పుదుచ్చేరి గవర్నరు డూప్లే ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చి, కొత్తగా ప్రమాణం చేయమన్నాడు. మీరు ఒప్పందం తప్పారు కాబట్టి మా మాట కూడా చెల్లదని కొందరు ఇంగ్లీషు ఉద్యోగులు వాదించి, వేషాలు మార్చుకుని కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు పారిపోయారు. వారిలో ఒకడు ఇరవై ఒక్కేళ్ల గుమాస్తా రాబర్ట్ క్లైవ్. మాట తప్పినవాడు ఎవరు, తప్పించినవాడు ఎవరు అన్న ఆ తగాదా ఎటూ తేలలేదు. షరతు పెట్టినవాడు కూడా షరతుకు కట్టుబడాలి కదా అన్న వాదన మాత్రం ఆ తర్వాత పెరోల్ కేసులన్నిటిలోనూ ఏదో రూపంలో వినబడుతూనే ఉంది.

మాట తప్పిన సైనికుడికి పడే శిక్ష కఠినమైనది. అమెరికా అంతర్యుద్ధంలో 1863లో వెలువడ్డ లీబర్ నియమావళి, ప్రమాణం తప్పి మళ్లీ పట్టుబడ్డవాడికి మరణశిక్ష అని రాసింది. 1899లోను, 1907లోను హేగ్‌లో కుదిరిన నియమాలు కొంత మెత్తబడి, అలాంటివాడు యుద్ధఖైదీగా ఉండే హక్కును పోగొట్టుకుంటాడని, అతన్ని కోర్టు ముందు నిలబెట్టవచ్చని చెప్పాయి.

హైదరాబాద్ తూర్పు భాగానికి ఈ సైనిక మర్యాదతో చుట్టరికం ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి దళాన్ని నడిపిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అతని సమాధి దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మూసారాంబాగ్ గుట్ట మీద ఇప్పటికీ ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. దాని ప్రకారం అక్టోబరు 22న ఆ దళం చేత నెత్తురు చిందకుండానే ఆయుధాలు కింద పెట్టించారు. అధికారుల సొంత ఆస్తికి భద్రత ఉంటుందని హామీ ఇచ్చి దేశం దాటించారు. అధికారి మాటకు ఇంత విలువ ఇచ్చిన కాలమే సామాన్య ఖైదీ మాటకు పూచికపుల్ల విలువ కూడా ఇవ్వలేదు. అతనికి ఇనుప గొలుసులే జామీను.

ఆ తేడా పందొమ్మిదో శతాబ్దంలో మెల్లగా కరగడం మొదలైంది. ఆస్ట్రేలియా దగ్గరి నార్ఫోక్ దీవిలో 1840 నుంచి అలెగ్జాండర్ మెకానకీ, ఆ తర్వాత ఐర్లండులో వాల్టర్ క్రాఫ్టన్, నడవడిని బట్టి ఖైదీకి మెట్టుమెట్టుగా స్వేచ్ఛ ఇచ్చే పద్ధతి నడిపారు. చివరి మెట్టు సెలవు చీటీ. అది దగ్గరున్నంతకాలం ఖైదీ బయట పనిచేసుకుని బతకవచ్చు. షరతు తప్పితే చీటీ రద్దవుతుంది, మిగిలిన శిక్ష మళ్లీ మొదలవుతుంది. నేటి పెరోల్ ఉల్లంఘన చట్టాలన్నిటికీ మూలసూత్రం ఈ చివరి వాక్యంలోనే ఉంది.

అండమాన్‌లోనూ ఇదే పద్ధతి నడిచింది. 1857 జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన ఇద్దరిలో తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. 1922-24 మన్యం పోరాటంలో శిక్షపడ్డ గాం మల్లు దొర లాంటివారు కూడా ఆ సముద్రం దాటినవారే. ఆ దీవుల్లో కొన్నేళ్లు మంచి నడవడి చూపిన ఖైదీకి సెలవు చీటీ ఇచ్చి, భూమి సాగు చేసుకోనిచ్చేవారు, పెళ్లి చేసుకోనిచ్చేవారు. నేరం చేసినా, కట్టుబాటు తప్పినా మళ్లీ గుంపు కూలిలోకి, సంకెళ్లలోకి తోసేవారు. చుట్టూ సముద్రమే గోడ కాబట్టి అక్కడ జామీనుదారు అవసరం రాలేదు. మైదానంలో ఆ గోడ లేదు. ఆ లోటును పూడ్చడానికే మాట రాసిచ్చే ముచ్చలికాలు, పూచీకత్తులు, ఠాణాలో హాజరు పట్టీలు వచ్చాయి.

మైదానంలో సెలవు చీటీ పద్ధతిని అత్యంత కర్కశంగా వాడింది ఖైదీల మీద కాదు, ఏ నేరమూ రుజువు కాని కులాల మీద. నేరస్త తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టి, రోజూ హాజరు పిలిచి, చీటీ లేనిదే ఊరు దాటకూడదన్నారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడ్డ స్టువర్టుపురం అలాంటిదే. ఆ ఊరికి పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ నుంచి వచ్చింది. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని, రాత్రికి హాజరు, సంతకో చుట్టాలింటికో పోవాలంటే చీటీ: అక్కడి బతుకు ఇదే. చీటీ గడువు దాటితే అదే నేరం. రెండోసారి, మూడోసారి దాటినకొద్దీ జైలు కాలం పెరుగుతూ పోయేది. దొంగతనం చేయనివాడు కూడా ఆలస్యంగా ఇల్లు చేరినందుకు ముద్దాయి అయ్యాడు. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది పోయింది. షరతు ఉల్లంఘన అనే మాటను ఎంత అన్యాయంగా సాగదీయవచ్చో ఈ ఎనభై ఏళ్లు చూపించాయి.

నిజాం రాజ్యంలో కట్టిన చంచల్‌గూడ జైలు 1876 నాటిది. అప్పటికి మలక్‌పేట, సైదాబాద్ ఊరి బయటి తోటలు. బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్ పొలాల మధ్య పల్లెలు. ఖైదీ విడుదల, శిక్ష తగ్గింపు పాలకుడి దయ మీద, పండుగలూ జన్మదినాల సందర్భాల మీద ఆధారపడేవి. హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిశాక 1951లో దేశమంతటికీ వర్తించే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇక్కడికీ వచ్చింది. 1898 నాటి ఆ కోడ్‌లో 401వ సెక్షన్, తర్వాత 1973 కోడ్‌లో 432వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 473వ సెక్షన్ చెప్పేది ఒకటే. ప్రభుత్వం షరతు మీద శిక్షను ఆపవచ్చు. షరతు నెరవేరలేదని ప్రభుత్వం అనుకుంటే ఆ ఉత్తర్వును రద్దు చేయవచ్చు. అప్పుడు ఏ పోలీసు అధికారి అయినా వారంటు లేకుండానే ఆ మనిషిని పట్టుకుని, మిగిలిన శిక్ష అనుభవించడానికి జైలుకు పంపవచ్చు. పెరోల్ తప్పినవాడి మీద పడే చట్టం చేతుల్లో మొదటిది, బలమైనది ఇదే.

విచారణ లేకుండా నిర్బంధించినవారి విషయంలో చట్టం ఇంకో అడుగు వేసింది. 1974 నాటి స్మగ్లింగ్ నిరోధక చట్టం కోఫెపోసా, 1980 నాటి జాతీయ భద్రతా చట్టం ప్రకారం తాత్కాలికంగా విడుదలైన వ్యక్తి సరైన కారణం లేకుండా గడువుకు లొంగిపోకపోతే, అది దానంతట అదే నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. శిక్షపడ్డ ఖైదీల విషయంలో పంజాబ్ 1962లోనే ప్రత్యేక చట్టం చేసి అలాంటి శిక్షే పెట్టింది. మహారాష్ట్ర జైళ్ల చట్టాన్ని సవరించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం ప్రత్యేక చట్టం వైపు పోకుండా, ప్రొసీజర్ కోడ్ ఇచ్చిన అధికారంతో 1981లో పెరోల్ మీద శిక్ష నిలుపుదల నియమాలు చేసింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ ఆ వారసత్వమే దక్కింది.

ఆ నియమాల పేరులోనే వాటి అసలు స్వభావం ఉంది. పెరోల్ కాలంలో శిక్ష నిలిచిపోతుంది. కాబట్టి ఇంట్లో గడిపిన రోజులు శిక్షలో లెక్కకు రావు. ఫర్లో సంగతి వేరు. అది కొన్నేళ్లు శిక్ష అనుభవించి, నడవడి బాగున్న ఖైదీ సంపాదించుకునే సెలవు. ఆ రోజులు శిక్షలో భాగమే. జైలులో ఉన్నవాళ్లకు ఈ రెంటి తేడా కంఠతా వచ్చు. బయట ఉన్న చుట్టాలకు అన్నీ పెరోలే.

బడంగ్‌పేట్‌లో ఉంటున్న ఒక కుటుంబం పెరోల్ కోసం అడిగితే అర్జీ నడిచే దారి ఇలా ఉంటుంది. అర్జీ జైలు సూపరింటెండెంట్ చేతికి చేరుతుంది. అక్కడి నుంచి ఖైదీ ఉండబోయే ఇంటి పరిధిలోని పోలీసుల అభిప్రాయం కోరతారు. ఆ మనిషి బయటికొస్తే గొడవలు రేగుతాయా, అవతలి పక్షం వాళ్లు అదే వీధిలో ఉన్నారా, చెప్పిన కారణం నిజమేనా అన్నది ఠాణా నుంచి వెళ్లే నివేదిక తేలుస్తుంది. జామీనుదారులు కావాలి, ముచ్చలికా రాసివ్వాలి. సెలవు దొరికాక స్థానిక ఠాణాలో హాజరు వేయించుకోవాలి, చెప్పిన చిరునామా వదలకూడదు, గడువు రోజున జైలు గేటు దగ్గర ఉండాలి.

పల్లెగా ఉన్నప్పుడు ఈ పని తేలిక. పటేలూ పట్వారీ ఒక్క మాటతో మనిషిని గుర్తుపట్టేవారు. బడంగ్‌పేట్ 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. ఇప్పుడు చుట్టూ వెంచర్లు, కాలనీలు, ఏడాదికోసారి మారే అద్దె ఇళ్లు. పక్కింటివాళ్ల పేరు తెలియని వీధిలో జామీను నిలబడేదెవరు? సొంత ఇల్లో, పట్టా ఉన్న ప్లాటో ఉన్న చుట్టం దొరికితేనే అర్జీ కదులుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి బతకడానికొచ్చి ఈ కాలనీల్లో చేరిన కుటుంబాలకు ఆ చుట్టం సొంతూళ్లోనే ఉంటాడు. దాంతో రెండు ఠాణాల నివేదికలు, రెండింతల ఆలస్యం. చావు కబురు మీద పెట్టిన అర్జీకి ఆ ఆలస్యమే తిరస్కారం. పెరోల్ తప్పినవాళ్ల గురించి మాట్లాడేవాళ్లు, అర్హత ఉండి కూడా పెరోల్ అందక ఆగిపోయినవాళ్ల గురించి కూడా మాట్లాడాలి.

గడువు తప్పితే ఏమవుతుంది? ఆసుపత్రిలో చేరాననో, దారిలో ప్రమాదం జరిగిందనో కాగితాలతో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినవాడిని, ఏళ్ల తరబడి పరారీలో ఉన్నవాడిని చట్టం ఒకే గాటన కట్టదు. సరైన కారణం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. ముందే గడువు పెంచమని అడిగినవాడికి, అడగకుండా ఆగిపోయినవాడికి కూడా తేడా ఉంది. కారణం నిలబడకపోతే అది జైలు నేరం అవుతుంది. 1894 నాటి జైళ్ల చట్టం ప్రకారం సూపరింటెండెంట్ విధించగల శిక్షల్లో సంపాదించుకున్న తగ్గింపును కోసేయడం ఒకటి. పనిచేసి, క్రమశిక్షణతో ఉండి నెలకు ఇన్ని రోజులని కూడబెట్టుకున్నది ఒక్క కలంపోటుతో పోతుంది.

అసలే తిరిగి రాకపోతే జైలు అధికారులు పోలీసులకు ఫిర్యాదు చేస్తారు. చట్టబద్ధమైన కస్టడీ నుంచి తప్పించుకున్నాడన్న ఆరోపణ కింద, అంటే పాత ఐపీసీ 224, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 262 సెక్షన్ల కింద, కేసులు పెట్టడం ఉంది. ఇంటి దగ్గర ఉన్న మనిషి కస్టడీలో ఉన్నట్టేనా అన్న ప్రశ్న అక్కడ వస్తుంది. షరతు మీద ఇచ్చిన శిక్ష తగ్గింపును తెలిసి ఉల్లంఘిస్తే మిగిలిన శిక్షంతా అనుభవించాలని చెప్పే సెక్షన్ ఐపీసీలో 227, ఇప్పుడు 266. అయితే అది తగ్గింపుకు సంబంధించింది; నిలుపుదలకు సూటిగా అతకదు. పంజాబ్, మహారాష్ట్రలు వేరే శిక్ష రాసుకున్నది ఈ సందును మూయడానికే.

కొత్త కేసు కంటే ఎక్కువ నష్టం చేసేది పాత శిక్ష లెక్క. యావజ్జీవ ఖైదీ విషయం తీసుకుంటే ఇది తేటతెల్లమవుతుంది. 1978లో పాత ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన 433ఎ సెక్షన్ నాటి నుంచి ఉన్న నియమం ప్రకారం, మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాడు కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలి. పదకొండేళ్లు గడిపి, పెరోల్ మీద వెళ్లి, మూడేళ్లు పరారీలో ఉండి పట్టుబడ్డ మనిషి లెక్క పదకొండు దగ్గరే ఆగి ఉంటుంది. ముందస్తు విడుదల కమిటీ ముందు అతని ఫైలు మీద పరారీ అన్న మాట ఉంటుంది. గణతంత్ర దినానికో గాంధీ జయంతికో సత్ప్రవర్తన ఖైదీలను విడుదల చేసే ఉత్తర్వుల్లో, పెరోల్ నుంచి పారిపోయినవారిని పక్కనపెట్టే షరతు తరచూ కనబడుతుంది. బయట దొంగచాటుగా గడిపిన మూడేళ్లకు, లోపల అంతకు ఎన్నో రెట్లు చెల్లించాల్సి రావచ్చు.

ఈ లెక్కల మీద సుప్రీంకోర్టు పలుమార్లు తీర్పు చెప్పింది. 2000లో సునీల్ ఫుల్‌చంద్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడు పెరోల్ మీద బయట ఉన్నా నిర్బంధ ఉత్తర్వు గడువు మామూలుగా నడుస్తూనే ఉంటుందని చెప్పింది. శిక్షపడ్డ ఖైదీల సంగతి ఆయా రాష్ట్రాల నియమాల మీద ఆధారపడింది. 2002లో అవతార్ సింగ్ కేసులో పెరోల్ రోజులను శిక్షలో కలపని హర్యానా చట్టం చెల్లుతుందని కోర్టు అంది. 2023లో గోవా ఖైదీల కేసులో, 14 ఏళ్ల అసలు శిక్షను లెక్కించేటప్పుడు పెరోల్ రోజులు తీసేయాల్సిందేనని చెప్పింది. లేకపోతే పలుకుబడి ఉన్న ఖైదీ మళ్లీ మళ్లీ పెరోల్ తెచ్చుకుని శిక్షను ఇంట్లోనే ముగించుకుంటాడన్నది కోర్టు భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2009లో ఢిల్లీలో తల్లి అనారోగ్యం పేరిట పెరోల్ మీద వచ్చిన యావజ్జీవ ఖైదీ మను శర్మ నైట్ క్లబ్బులో కనబడటంతో దేశమంతా గగ్గోలు పుట్టింది. గడువు ముగియకముందే అతను జైలుకు తిరిగి వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది ఢిల్లీ ప్రభుత్వం పెరోల్ మార్గదర్శకాలు తెచ్చింది. ఒక ధనికుడి ఉల్లంఘనకు ఫలితంగా కఠినమైన నియమాలు వేలమంది పేద ఖైదీల మీద పడటం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ జరిగేదే.

రద్దు చేసే ముందు ఖైదీ మాట వినాలా? అమెరికాలో పెరోల్ అంటే అర్థం కొంచెం వేరు; శిక్ష ముగియకముందే నిఘా మీద విడుదల చేయడం. అక్కడ 1972లో మోరిసీ కేసులో సుప్రీంకోర్టు, పెరోల్ రద్దు చేయాలంటే ముందు ప్రాథమిక విచారణ, తర్వాత పూర్తి విచారణ జరగాలని, ఆరోపణలేమిటో రాతపూర్వకంగా చెప్పాలని తీర్పు ఇచ్చింది. మన కోడ్‌లోని సెక్షన్ ప్రభుత్వం అనుకుంటే చాలంటుంది. ఉత్తర్వు మీద హైకోర్టుకు వెళ్లే దారి ఉన్నా, అది లాయరును పెట్టుకోగలిగినవాడికే అందే దారి.

జామీనుదారుల మాట ఇక్కడ చెప్పుకోవాలి. పారిపోయిన ఖైదీ దొరకకపోతే ముందు దొరికేది జామీనుదారే. ముచ్చలికాలో రాసిన మొత్తం చెల్లించమని నోటీసు వస్తుంది. పోలీసులు వేళగానివేళ ఇంటికొచ్చి అడుగుతారు. ఖైదీ భార్య, అన్నదమ్ములు ఠాణా చుట్టూ తిరుగుతారు. ఆ ఇంట్లో రెండో ఖైదీ ఉంటే అతని పెరోల్ అర్జీకి దారి మూసుకుపోతుంది. చట్టం ప్రకారం శిక్ష ఒక్కడికే గానీ, ఆచరణలో అది ఇల్లంతటికీ పడుతుంది. ఊళ్లో పెద్దమనుషులు ఒకసారి దెబ్బతిన్నాక ఇంకెవరికీ జామీను నిలబడరు.

ఇంత నష్టం కళ్లముందున్నా నమ్మకం మీద నడిచే పద్ధతి ఈ నేలమీద గట్టిగానే వేళ్లూనుకుంది. 1950ల్లో మౌలాలీ దగ్గర ఖైదీల వ్యవసాయ క్షేత్రం మొదలైంది. తర్వాత అది చర్లపల్లికి మారింది. ఎత్తైన గోడలు లేని ఆ ఆరుబయలు జైలులో ఖైదీలు సేద్యం చేస్తారు, పశువులను మేపుతారు. పారిపోవడం ఏమంత కష్టం కాదు. పారిపోయి దొరికితే తిరిగి మూసిన జైలుకే. తగ్గింపు పోతుంది, ఆరుబయలు మళ్లీ దక్కదు. దశాబ్దాల తరబడి ఆ క్షేత్రం నిలబడిందంటే ఖైదీల్లో ఎక్కువమంది మాట నిలబెట్టుకున్నారనే. చర్లపల్లి కేంద్ర కారాగారం దాని పక్కనే లేచింది. ముషీరాబాద్ జైలును మూసి అక్కడ కొత్త గాంధీ ఆసుపత్రి కట్టాక, నగరంలోని శిక్షపడ్డ ఖైదీల్లో ఎక్కువ భాగం చర్లపల్లికి చేరారు.

కరోనా కాలం ఈ పద్ధతికి దేశవ్యాప్త పరీక్ష పెట్టింది. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో ఉన్నతాధికార కమిటీ వేసి, కొన్ని తరగతుల ఖైదీలను పెరోల్ మీదనో మధ్యంతర బెయిలు మీదనో వదిలే విషయం చూడమంది. 2021 మేలో రెండో ఉధృతి వచ్చినప్పుడు మళ్లీ వదలమంది. గడువు పెరుగుతూ పోయింది. 2023 మార్చి 24న, అలా వెళ్లినవాళ్లంతా 15 రోజుల్లో లొంగిపోవాలని ఉత్తర్వు ఇచ్చింది. మూడేళ్లు బయట ఉండి పని వెతుక్కున్నవాళ్లు, పిల్లల్ని బడిలో వేసినవాళ్లు మూటాముల్లె సర్దుకుని జైలు గేటు దగ్గరికి నడవాల్సి వచ్చింది. ఆ కాలాన్ని శిక్షలో కలపమని హర్యానా ఖైదీ ఒకరు అడిగితే కుదరదని సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది. ప్రభుత్వమే పొమ్మన్న సెలవు అది. అయినా రోజులు మాత్రం ఖైదీ ఖాతాలోంచే పోయాయి.

2023 మేలో కేంద్ర హోం శాఖ 1894 చట్టం స్థానంలో రాష్ట్రాలు చేసుకోవడానికి ఒక నమూనా జైళ్ల చట్టాన్ని పంపింది. అందులో జైలు సెలవు మీద వెళ్లే ఖైదీ, కదలికలను కనిపెట్టే ఎలక్ట్రానిక్ పరికరం తొడుక్కోవడానికి ఒప్పుకోవాలన్న షరతుకు చోటిచ్చారు. ఆ షరతు తప్పితే సెలవు రద్దవుతుంది, ఇకముందు సెలవుకు అనర్హుడవుతాడు. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి ఆ నమూనాను తీసుకోవాలా వద్దా అన్నది శాసనసభ నిర్ణయం. పరికరం వస్తే ఆస్తి లేని కుటుంబానికి జామీను బెడద తగ్గే వీలుంది. జామీనును ఉంచి, దానిమీద పరికరం ఖర్చునూ ఖైదీ మీదే వేస్తే పేదవాడికి తలుపు ఇంకాస్త మూసుకుంటుంది. నమూనాలోని ఈ నిబంధనను అమలు చేయడానికి రాష్ట్రాలు రాసుకునే నియమాల్లో పూచీకత్తు ఎంత, ఎవరికి మినహాయింపు, ఆలస్యానికి ఏ కారణాలు చెల్లుతాయి అన్నవే తేల్చుకోవాల్సినవి.